ఇంటి కంప్యూటరు: మెమొరీ చాలదను హెచ్చరిక

ఒక వ్యవసాయ ప్రదర్శకుడు, సికింద్రాబాదు



మన సంఘ సభ్యుల యిండ్లలో నిపుడు కంప్యూటరు క్రొత్త వస్తువు కాదు. పిల్లల చదువునకని కొన్నది పాల లెక్కలకును, కౌలు లెక్కలకును, ధాన్యపు ధరలు చూచుకొనుటకును పనికివచ్చుచున్నది. 2020 అక్టోబరు 29వ తేదీన ధరణి వచ్చిన నాటి నుండియు, దానికి బదులుగా 2025 ఏప్రిలు 14వ తేదీన భూభారతి వచ్చిన పిమ్మటను, తమ భూముల వివరములను ఇంట కూర్చుండియే చూచుకొనువారు హెచ్చినారు. కావున ఎరువులను గుఱించియు, విత్తనశుద్ధిని గుఱించియు వ్రాయు ఈ పుటలలో ఒకమాఱు కంప్యూటరు సంగతి వ్రాయుట అసందర్భము కాదని తలచెదను. గట్టుమీద నిలిచి పురుగుమందు మాట అడిగినవారే, ఆ మాట ముగిసిన వెంటనే, "సారూ, మా కంప్యూటరుల మెమొరీ తక్కువున్నదని చూపిస్తున్నది, ఏం చెయ్యాలె?" అని యడుగుచున్నారు.

ఈ ప్రశ్నకు గ్రామములలో దొరకు జవాబులు రెండే. ఫోటోలు తీసివేయుమనునది యొకటి. పాతబడినది గాన క్రొత్తది కొనుమనునది రెండవది. మొదటి సలహా విని యొక సభ్యుడు తన యింటి పెండ్లి ఫోటోలను, పాసుపుస్తకపు స్కాను ప్రతులను, రెండేండ్ల పాల లెక్కలను ఒక్క సాయంకాలముననే చెరిపివేసెను. మఱునాడు ఉదయము హెచ్చరిక యథాప్రకారము వచ్చెను. రెండవ సలహా వినినవారు మంచి యంత్రమును చౌకగా విడిచి, అప్పు చేసి వేఱొకటి తెచ్చుకొనుచున్నారు. ఈ రెండు నష్టములకును మూలము ఒక మాటను రెండర్థములలో వాడుటయే.

మనకు మెమొరీ యను మాట సెల్‌ఫోనుతో వచ్చినది. ఫోనులో మెమొరీ కార్డు, మెమొరీ నిండుట, మెమొరీ ఖాళీచేయుట అనునవి పసిపిల్లలకును తెలియును. ఆ వాడుకలో మెమొరీ యనగా ఫోటోలును పాటలును దాచు చోటు. కంప్యూటరు హెచ్చరికలో మెమొరీ యనగా నది కాదు. అది ర్యాము అనబడు వేఱొక భాగము. దాచు చోటునకు డిస్కు అని పేరు. డిస్కు నిండినప్పుడు కంప్యూటరు "లో డిస్క్ స్పేస్" అని చెప్పును. ర్యాము చాలనప్పుడు "యువర్ కంప్యూటర్ ఈజ్ లో ఆన్ మెమొరీ" అని చెప్పును. ఈ రెండు వాక్యములలో ఏది వచ్చినదో చదువకయే పనికి పూనుకొనుట, ఆకు మచ్చ తెగులువలననో పోషక లోపమువలననో చూడకయే మందు కొట్టుటవంటిది.

రైతునకు ఈ భేదము సులభముగనే తెలియును. డిస్కు గాదె. ర్యాము కల్లము. గాదెలో నెంత ధాన్యమున్నను అచ్చట దానిని ఎండబెట్టుటకును తూర్పారబట్టుటకును వీలులేదు. పని చేయవలెనన్న కల్లములోనికి తేవలెను. అటులనే కంప్యూటరు ఏ లెక్కను చూపవలెనన్నను, ఏ ఫోటోను తెరమీద నిలుపవలెనన్నను, దానిని డిస్కునుండి ర్యాములోనికి తెచ్చియే చూపును. ధాన్యమునకు క్వింటాలెట్లో వీనికి జీబీ యట్లు కొలత. మన యిండ్లలోని యంత్రములలో డిస్కు తఱచుగా 256 జీబీలో 512 జీబీలో యుండును. ర్యాము 4 జీబీలో 8 జీబీలో యుండును. గాదె పెద్దది, కల్లము చిన్నది. గాదెలోని ధాన్యమును పాఱబోసినంత మాత్రమున కల్లము విశాలము కాదు గదా! ఆ సభ్యుడు చేసినది అదియే.

ఈ పోలిక ఒకచోట కుంటుపడును. కల్లములోని ధాన్యము రాత్రి కరెంటు పోయినను అచ్చటనే యుండును. ర్యాములోనిది ఉండదు, కరెంటు పోయిన క్షణమున తుడిచిన పలకవలె నగును. అందుచేతనే వ్రాసిన దానిని "సేవ్" చేయుమని పిల్లలకు బడిలో మాటిమాటికి చెప్పుదురు. సేవ్ చేయుట యనగా కల్లమునుండి గాదెకు చేర్చుట. పూర్వకాలపు కంప్యూటరులలో నిట్లు కాదు. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారు, అనగా మనము ఈసీఐఎల్ అని పిలుచువారు, ఆ దశాబ్దపు చివర టీడీసీ-12 అను కంప్యూటరును చేసిరి. అట్టివానిలో ర్యామునకు బదులు ఆవగింజలవంటి ఫెర్రైటు ఉంగరములను తీగలకు గ్రుచ్చెడివారు. ఒక్కొక్క యుంగరము ఒక్కొక్క బిట్టును, అనగా అవునో కాదో యను ఒక్క సంగతిని మాత్రమే పట్టెడిది. కాని కరెంటు పోయినను ఆ సంగతిని విడువకుండెడిది. నేటి 8 జీబీల ర్యాములో సుమారు 6,870 కోట్ల బిట్లు పట్టును. ఇంత చోటునకు మనమిచ్చిన మూల్యము, కరెంటు పోగా మఱచిపోవుటయే.

కల్లము నిండినప్పుడు మన కొనుగోలు కేంద్రములయొద్ద ఏమి జరుగునో సభ్యులందఱు చూచినదే. తేమ 17 శాతమునకు దిగినగాని తూకము లేదు. కల్లములో జాగా లేదు. కావున రైతు ధాన్యమును రోడ్డు ప్రక్కన ఆరబోయును. పని జరుగును గాని కష్టముతో జరుగును. కంప్యూటరును అటులనే చేయును. ర్యాము నిండగనే, అప్పటికి అవసరములేని భాగమును డిస్కులో నొక మూలకు దించి, కావలసినప్పుడు మఱల పైకి తెచ్చుకొనును. ఆ మూలకు పేజింగు ఫైలు అని పేరు. దీనివలన పని ఆగదు, కాని వేగము చచ్చును. ర్యామునుండి ఒక సంగతి తెచ్చుటకు ఒక సెకను పట్టునని అనుకొందము. అదే సంగతిని ఎస్‌ఎస్‌డీ యను క్రొత్తరకపు డిస్కునుండి తెచ్చుటకు కాలు గంటకు పైగా పట్టును. గిరగిర తిరుగు పాత హార్డు డిస్కునుండి యైనచో ఒక పగలు, ఒక రాత్రి గడచియు మిగులును. నిజమునకు ఇవన్నియు సెకనులో లవలేశములే గాని, నిష్పత్తి అంతయే. మౌసు కదలక, అక్షరము టైపు చేసిన కొంత సేపునకు గాని తెరమీద పడక, లోపల డిస్కు కరకరలాడుచుండుట మీరు చూచియుందురు. హెచ్చరిక రాకపూర్వమే కంప్యూటరు ఆ విధముగా చెప్పుచున్నది.

మఱి హెచ్చరిక ఎప్పుడు వచ్చును? దీనిని మన సంఘము వ్యవహారముతో పోల్చి చెప్పెదను. సంఘమునకు తన సొంత నిధి కొంత యుండును. జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ఇచ్చు హద్దు కొంత యుండును. ఈ రెండింటి మొత్తమును మించి సభ్యులకు అప్పు మంజూరు చేయుటకు వీలులేదు. సభ్యుడు లక్ష మంజూరు చేయించుకొని నలువది వేలే తీసికొనినను, పుస్తకములో లక్షయు అతని పేరననే కట్టుబడియుండును. కంప్యూటరులో సొంత నిధి ర్యాము; బ్యాంకు హద్దు పేజింగు ఫైలు; సభ్యులు మీరు తెఱచిన ప్రోగ్రాములు. ప్రతి ప్రోగ్రామును ముందుగా "నాకింత కావలెను" అని మంజూరు చేయించుకొనును. మంజూరుల మొత్తము హద్దును సమీపించినప్పుడు హెచ్చరిక వచ్చును. అందుచేతనే కొన్నిసార్లు ర్యాములో కొంత ఖాళీ కనబడుచుండగనే హెచ్చరిక వచ్చి, చూచువారిని చిక్కుపెట్టును. ఖాళీ లేకపోలేదు, మాట యిచ్చినది హద్దు ముట్టినది.

ఇక చేయవలసిన పని. హెచ్చరిక కనబడగనే మొట్టమొదట చేయవలసినది, వ్రాయుచున్న దానిని సేవ్ చేయుట. కారణము వెదకుట పిదప. ఆ స్థితిలో ఏ ప్రోగ్రాము ఎప్పుడు మూతపడునో చెప్పలేము. సేవ్ చేసిన తరువాత అక్కఱలేనివి ఒక్కొక్కటిగా మూయవలెను. అప్పటికిని కుదురుపడనియెడల యంత్రమును ఒకమాఱు "రీస్టార్ట్" చేయవలెను. ఇచ్చట నొక సూక్ష్మము గలదు. "షట్ డౌన్" చేసి మఱల వేసితిమి గదా యని చాలమంది యనుచున్నారు. విండోసు 8 మొదలుకొని వచ్చిన విండోసులలో, త్వరగా తెఱచుకొనుటకై, షట్ డౌన్ చేసినప్పుడు లోపలి భాగమును తుడిచివేయక, ఉన్నదున్నట్లు డిస్కుమీద దాచి, మఱునాడు దానినే తెచ్చి పెట్టు ఏర్పాటు సాధారణముగ నుండును. నిన్నటి చెత్త నేడును అట్లే వచ్చును. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రమే అన్నియు తుడిచి మొదటినుండి ఆరంభించును. ఇది తలక్రిందులుగా నున్నదని తోచవచ్చును. నాకును అట్లే తోచుచున్నది. కాని పద్ధతి యది.

రీస్టార్ట్‌తో ఆ దినము గడచును. కాని హెచ్చరిక మూడు నాలుగు దినములకొకమాఱు వచ్చుచున్నదనిన, కల్లమును ఎవరు ఆక్రమించుచున్నారో చూడక తప్పదు. దీనికి వేఱు సాధనము కొననక్కఱలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కిన "టాస్క్ మేనేజర్" అను కిటికీ తెఱచుకొనును. చిన్నదిగా తెఱచుకొనినచో క్రింద "మోర్ డీటెయిల్స్" అనునది నొక్కవలెను. అందులో నడుచుచున్న ప్రోగ్రాముల పేరులు, ఒక్కొక్కదాని కెదుట అది వాడు ర్యామును కనబడును. "మెమొరీ" అను శీర్షికను నొక్కినచో ఎక్కువ తినునది పైకి వచ్చును. ఇది సంఘపు బాకీదారుల జాబితావంటిది. పైనున్న నాలుగైదు పేరులు చూచిన చాలును.

పెక్కు ఇండ్లలో ఆ జాబితా తలమీద నుండునది బ్రౌజరు, అనగా క్రోము గాని ఎడ్జి గాని. బ్రౌజరు చెడ్డదని కాదు. మనము దానిని వాడు తీరు అట్టిది. భూభారతి పుట ఒకటి తెఱచెదము; దానిని మూయకయే మార్కెటు ధరలు చూచెదము; వాన సంగతి చూచెదము; పిల్లవాడు వచ్చి వీడియో పాఠము తెఱచును; వాని అక్క మఱి యైదు తెఱచును. సాయంకాలమునకు తెర పైభాగమున ఇఱుకిఱుకుగా ఇరువది ట్యాబులు నిలిచియుండును. చాల భాగమునకు ఒక్కొక్క ట్యాబును వేఱు ప్రోగ్రాముగనే నడచును. అనగా ఇరువదిమంది రైతులు ఒక్క కల్లములో తలకొక కుప్ప పోసి, దానిని చూడక యింటికి పోయినట్లు. పని తీఱిన ట్యాబును మూయుటకంటె మంచి వైద్యము లేదు. మూయుటకు మనసొప్పనివారు క్రోము సెట్టింగులలో "పెర్ఫార్మెన్స్" అనుచోట నున్న "మెమొరీ సేవర్"ను వేసికొనవచ్చును. ఎడ్జిలో "స్లీపింగ్ ట్యాబ్స్" అని దానికి పేరు. ఇవి చూడని ట్యాబులను నిద్రపుచ్చును. నింపుచున్న దరఖాస్తు గల ట్యాబును మాత్రము వానికి వదలక, ముగించి సమర్పించియే వేఱు పనికి పోవుట క్షేమము.

బ్రౌజరు కాక వేఱొక ప్రోగ్రాము పైన నున్నచో, దాని అంకెను చీటీమీద వ్రాసికొని, ఏ పనియు పెట్టక రెండు గంటలకు మఱల చూడవలెను. అంకె అట్లే యున్న దోషము లేదు. పనిలేకయే 300 ఉన్నది 900 అయి, సాయంకాలమునకు 2,000 అయినచో, ఆ ప్రోగ్రాము తీసికొనిన దానిని తిరిగి యిచ్చుట లేదని యర్థము. అప్పు తీసికొని కట్టక, మఱల వారము వారము అప్పునకు వచ్చు సభ్యుడట్లో ఇదియు నట్లు. ఇది మీ తప్పు గాదు, ర్యాము తప్పును గాదు. ఆ ప్రోగ్రాము వ్రాసినవారి తప్పు. దాని క్రొత్త కూర్పు వచ్చినదేమో చూచి వేసికొనవలెను, లేనిచో తీసివేయవలెను. ఇట్టి ప్రోగ్రామున్న యింట ఎంత ర్యాము పెంచినను నిలువదు. 8 ఉన్న 8 తినును, 16 ఉన్న 16 తినును. డబ్బు ఖర్చుపెట్టకముందే ఈ రెండు గంటల పరీక్ష చేయుమని చెప్పుట అందులకే.

జాబితాలో నొక పేరును ఎన్నుకొని "ఎండ్ టాస్క్" నొక్కిన ఆ ప్రోగ్రాము తత్క్షణము ఆగును. సేవ్ చేయనిది పోవును. ఇది మొండికెత్తిన దానికి మాత్రమే చేయవలసిన పని. విండోసు పేరుతో నున్నవానిని, తెలియని పేరులుగల వ్యవస్థ భాగములను ముట్టరాదు; కలుపుతోబాటు పైరు పెఱికినట్లగును.

అదే కిటికీలో "స్టార్టప్" అను భాగము గలదు. కంప్యూటరు వేయగనే మనము పిలువకయే లేచి కూర్చుండు ప్రోగ్రాములు అచ్చట నుండును. ప్రింటరుతో వచ్చినది యొకటి, యంత్రముతో అమ్మకందారు పెట్టినవి కొన్ని, ఎప్పుడో వీడియో కూటమికని వేసినది యొకటి. అవసరములేనివానిని "డిజేబుల్" చేసినయెడల అవి పోవు, పిలిచినప్పుడే వచ్చును. 4 జీబీల యంత్రములో ఈ యొక్క పనితోనే తేడా కంటికి కనబడును.

ఇప్పుడు డిస్కు మాటకు మఱల రావలెను. ఫోటోలు తీసివేయుట వ్యర్థమంటిని గాని, ఒక్క సందర్భమున డిస్కునకును ఈ హెచ్చరికకును సంబంధము గలదు. పేజింగు ఫైలు సాధారణముగ "సి" యను డిస్కులో నుండును. సి డిస్కు నిండియున్నచో అది పెరుగలేదు. బ్యాంకు హద్దు పెరుగదు. హెచ్చరిక త్వరగా వచ్చును. కావున సెట్టింగులలో "సిస్టమ్", అందులో "స్టోరేజ్" తెఱచి, సి డిస్కులో ఎంత ఖాళీ యున్నదో చూడవలెను. ఒకటి రెండు జీబీలే యున్నచో "టెంపరరీ ఫైల్స్" అనుచోట చెత్తను ఊడ్చివేయవచ్చును. జాగ్రత్త! ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" అనునదియు నుండును. మన పాసుపుస్తకపు ప్రతులు, పిల్లల హాల్ టికెట్లు, బీమా రసీదులు ఎక్కువగా అందులోనే యుండును. దాని కెదుట గుఱుతు లేకుండ చూచుకొని పిమ్మట ఊడ్చవలెను. ఫోటోలను తీయక తప్పనిచో బయటి డిస్కుమీదికి నకలు తీసి, ఆ నకలు తెఱచుకొనుచున్నదని చూచిన తరువాతనే తీయవలెను.

మఱియొకటి. కొందఱు కుఱ్ఱవాండ్రు వేగము కొఱకని పేజింగు ఫైలును బొత్తిగా తీసివేయుచున్నారు, లేదా చిన్న అంకెకు కట్టివేయుచున్నారు. ఇది బ్యాంకు ఖాతా మూసివేసి సంఘము నడుపుటవంటిది. ప్రారంభ మెనూ వెదకుచోట "పెర్ఫార్మెన్స్" అని ఆంగ్లమున టైపు చేసి, "అడ్జస్ట్ ది అప్పియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్" అనుదానిని తెఱచి, "అడ్వాన్స్‌డ్" భాగమున "వర్చువల్ మెమొరీ" క్రింద "ఛేంజ్" నొక్కిన, పైననే "ఆటోమేటికల్లీ మేనేజ్" అని మొదలగు వాక్యము కనబడును. దాని ప్రక్కన గుఱుతు ఉండవలెను. లేకున్న పెట్టి, రీస్టార్ట్ చేయవలెను. పెక్కు ఇండ్లకు ఈ గుఱుతుతోనే హెచ్చరిక తొలగును.

ర్యామును ఒక్క నొక్కుతో శుభ్రముచేయుదుమని చెప్పు ప్రోగ్రాములు ఇంటర్నెట్టులో అనేకము. అవి చేయునది కల్లములోని ధాన్యమును బలవంతముగా రోడ్డుమీదికి నెట్టుట. చూచుటకు కల్లము ఖాళీ. అరగంటకు ఆ ధాన్యమునే మఱల మోసికొని రావలెను. పైగా తామును ఒక మూల నాక్రమించియుండును. వానికి డబ్బు చెల్లింపకుడు.

ఇంతకంటె భయంకరమైనది దొంగ హెచ్చరిక. ఏదో పుట చూచుచుండగా తెర యంతయు ఎఱ్ఱగానో నీలముగానో మాఱి, గంట మ్రోగి, "మీ కంప్యూటరు మెమొరీ చెడినది, వైరసు చేరినది, యంత్రమును ఆపకుడు, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని కనబడును. ఫోను చేసినచో మర్యాదగా మాటలాడి, దూరమునుండి కంప్యూటరును నడుపు ఆప్ ఒకటి వేయించి, బ్యాంకు ఖాతా తెఱపించెదరు. ధాన్యము అమ్మిన సొమ్ము ఖాతాలో పడిన వారమున ఇట్టి ఫోను చేసిన రైతు గతి యేమగునో చెప్పనక్కఱలేదు. నిజమైన విండోసు హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. ఈ సంగతిని మైక్రోసాఫ్టువారే ప్రకటించియున్నారు. నిజమైనది చిన్న పెట్టెలో వచ్చును, అఱవదు, డబ్బు అడుగదు. దొంగది కనబడినప్పుడు టాస్క్ మేనేజర్ తెఱచి బ్రౌజరునకు ఎండ్ టాస్క్ చేయవలెను; మఱల తెఱచునపుడు పాత పుటలను "రీస్టోర్" చేయుదునా యని యడిగిన వలదనవలెను. ఇదివఱకే మోసపోయి డబ్బు పోయినచో ఆ గంటలోనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. దొంగలు సొమ్మును ఖాతానుండి ఖాతాకు మార్చుకొనకపూర్వము పట్టుకొనుటకు వీలుండును. సిగ్గుపడి మఱునాటికి వాయిదా వేసినవారికి ఆ వీలు తగ్గిపోవును.

పైవన్నియు చేసినను హెచ్చరిక ఆగనియెడల అప్పుడు ర్యాము నిజముగనే చాలదని యెంచవచ్చును. విండోసు 11 నడుచుటకు కనీసము 4 జీబీలు కావలెనని దానిని చేసినవారే చెప్పుచున్నారు. కనీసమనగా తిని బ్రతుకుటకే గాని పని చేయుటకు గాదు. బ్రౌజరుతో పనిచేయు ఇంటికి 8 జీబీలుండుట మేలు. అయినను కొనకముందు మూడు సంగతులు చూడవలెను. సెట్టింగులలో "సిస్టమ్", "అబౌట్" అనుచోట 32-బిట్ అని యున్నచో ఆ విండోసు 4 జీబీలకు మించి వాడుకొనలేదు. ఎంత వేసినను వృథా. టాస్క్ మేనేజరులో "పెర్ఫార్మెన్స్", "మెమొరీ" అనుచోట "స్లాట్స్ యూజ్డ్" ఎదుట 2లో 1 అని యున్నచో ఒక గూడు ఖాళీగా నున్నది. పాతదానిని తీయక క్రొత్తది చేర్చవచ్చును. పలుచని ల్యాప్‌టాపులలో కొన్నింట ర్యామును బోర్డుకే అతికియుందురు. అట్టివానిలో పెంచుటకు వీలుండదు.

ర్యాములో జాతులు గలవు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనునవి ఒకదాని గూటిలో నొకటి కూర్చుండవు. గంటు వేఱువేఱు చోట్ల నుండును. బల్లమీది కంప్యూటరునకు పొడవైనది, ల్యాప్‌టాపునకు పొట్టిది. అందుచేత యంత్రపు మోడలు పేరు వ్రాసికొని పోవలెను. వీలైన యంత్రమునే తీసికొని పోవలెను. మన సికింద్రాబాదు పార్కులేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామానునకు పేరుపడిన చోటు. నాలుగు దుకాణములలో ధర యడిగి, బిల్లు, వారంటీ లేనిది తీసికొనక, అచ్చటనే వేయించి చూచుకొనిన మఱల బస్సు ఛార్జీ తప్పును. ధర విషయమున నొక మాట. 2025 చివరి నెలలనుండి ప్రపంచమంతట ర్యాము వెల మిక్కిలి హెచ్చినది. కృత్రిమ మేధకై కట్టుచున్న గొప్ప డేటా కేంద్రములు తయారైన మెమొరీలో పెద్ద భాగమును కొనుచున్నవి. మైక్రాన్ కంపెనీవారు ఇండ్లవారికి అమ్ముచుండిన క్రూషియల్ అను రకమును మానుకొనుచున్నామని 2025 డిసెంబరులో ప్రకటించిరి. ఎక్కడనో అమెరికాలో కట్టు కేంద్రమునకును మన ఇంటి ల్యాప్‌టాపునకును సంబంధమేమని యనుకొందుము. పత్తి ధర సంగతి యెఱిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు. కావున ఖర్చులేని మార్గములన్నియు చూచిన తరువాతనే అంగడికి పోవుట నేడు మఱింత యవసరము. వాడిన ర్యామును పరీక్షించి వారంటీతో నిచ్చు దుకాణమున్నచో అదియు తీసికొనదగినదే.

ఇంటివద్ద వేసికొనువారు మొదట యంత్రమును ఆపి, తీగ పెఱికి, ల్యాప్‌టాపైన బ్యాటరీ సంబంధము తీసి, ఏదేని ఇనుప వస్తువును ముట్టుకొని దేహములోని విద్యుత్తును పోగొట్టుకొనవలెను. ఎండ కాలమున పొడి గాలిలో ఇది మఱువరాదు. ర్యామును అంచులు పట్టుకొని, గంటు గూటిలోని గంటుతో కలియునట్లు పెట్టి, ప్రక్క కొక్కెములు టక్కుమను వఱకు సమముగా నొక్కవలెను. బలము పెట్టవలసి వచ్చిన ఏదో తప్పుగా నున్నదని తెలిసికొని, తీసి మఱల చూడవలెను. యంత్రము వేసిన పిమ్మట టాస్క్ మేనేజరులో క్రొత్త మొత్తము కనబడినదా లేదా చూడుడు. కనబడనిచో ఒకమాఱు తీసి, మఱల కూర్చోబెట్టినచో తఱచుగా సరిపడును.

విండోసు 10 వాడుచున్న సభ్యులు వేఱొక సంగతి యెఱిగియుండవలెను. దానికి సాధారణ భద్రతా సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ యంత్రమునకు ర్యాము కొనుటకు పూర్వము అది విండోసు 11ను భరించునో లేదో సెట్టింగులలోని "అప్‌డేట్" భాగమున చూచి, భరింపనిచో ఆ ఖర్చు తగునా యని ఆలోచింపవలెను.

ఈ విషయమై అడుగదలచిన సభ్యులు యంత్రము మోడలు పేరును, ర్యాము ఎన్ని జీబీలో, సి డిస్కులో ఎంత ఖాళీయో, టాస్క్ మేనేజరు మెమొరీ పుటలో "కమిటెడ్" అనుదాని క్రింద గీతకు ఇటునటు నున్న రెండు అంకెలను, జాబితాలో పైనున్న నాలుగు పేరులను ఒక చీటీమీద వ్రాసి సంఘ కార్యాలయమునకు తెండు. ఎడమ అంకె కుడి అంకెను తాకుచున్నదో లేదో చూచినచో, మీ యంత్రమునకు కావలసినది ర్యామో, గుఱుతో, ఒక ప్రోగ్రామును తీసివేయుటయో నిర్ణయించుటకు పది నిమిషములు చాలును.